సున్నా కూడా చెప్పాలమ్మా

మొన్న ఆగస్టులో మా సెకండియర్ వాళ్లం లైబ్రరీ వరండాలో రెండు బెంచీలు వేసుకుని హెల్ప్ డెస్క్ పెట్టాం. కొత్తగా చేరిన ఫస్టియర్ పిల్లలకి (ఏడాది తేడాకే వాళ్లని పిల్లలు అనేస్తున్నాం, మాకూ తెలుసు) కాలేజీ మెయిల్, వైఫై, ల్యాబ్ లాగిన్ అన్నీ ఓపెన్ చేయించడం మా డ్యూటీ. మూడో రోజు అనుకుంటా, ఒకబ్బాయి లాప్‌టాప్ మా బెంచీ మీదే వదిలేసి, ఫోన్ చెవికి పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గించి "నాన్నా, మెసేజ్ వచ్చిందా? అందులో నెంబర్ ఉంటుంది చూడు... ఆ, అదే... మెల్లగా చదువు" అంటున్నాడు. నా పక్కనున్న ఫ్రెండ్ "వీడికి టైమ్ పడుతుంది, నెక్స్ట్ వాళ్లని పిలువు" అంది. నేను పిలవలేదు. వాడు గోడ వైపు ఎందుకు తిరిగాడో నాకు బాగా తెలుసు.

ఏడాది కిందట నేను కూడా అదే గోడ వైపు తిరిగాను.

కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చిందంటే కంప్యూటర్ ముందు కూర్చోవడమే అనుకున్నాను. కూర్చోవడానికి ముందు ఇన్ని తలుపులు ఉంటాయని ఎవరూ చెప్పలేదు. మొదట స్టూడెంట్ పోర్టల్. అందులోకి వెళ్తేనే కాలేజీ మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ ఉంటేనే మూడిల్‌లోకి వెళ్లొచ్చు, అసైన్‌మెంట్లు అన్నీ అక్కడే. వైఫైకి వేరే పాస్‌వర్డ్. ల్యాబ్‌లో ఉబుంటు లాగిన్‌కి ఇంకోటి. ఇవి కాక క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఐడీ, అది డిజిలాకర్ నుంచి తీసుకోవాలి. ఒక్కో తలుపు తాళం ఇంకో తలుపు వెనక ఉంటుంది.

వైఫై సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది చదివే జూనియర్లకి పనికొస్తుంది. మా దగ్గర ఫోన్ మ్యాక్ అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి. నేను సెట్టింగ్స్‌లో కనబడిన అడ్రస్ రాసిచ్చాను, రెండు రోజులైనా కనెక్ట్ కాలేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ అడ్రస్ చూపిస్తాయి, మనల్ని ఎవరూ ఫాలో కాకుండా. ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఇదే పద్ధతి. నేను ఇచ్చింది అసలు అడ్రస్, ఫోన్ చెప్పేది వేషం. ఆ నెట్‌వర్క్ సెట్టింగ్‌లోకి వెళ్లి ప్రైవసీ దగ్గర డివైస్ మ్యాక్ అని మారిస్తే సరిపోయింది. దీనికి రెండు రోజులు ఏడ్చాను.

పేరు సంగతి ఇంకా కామెడీ. మన మెమోల్లో ఇంటిపేరు ముందు ఉంటుంది కదా. సిస్టమ్ మొదటి పదాన్నే ఫస్ట్ నేమ్ అనుకుంది. అందుకని నాకొచ్చే ప్రతి మెయిల్ "హాయ్ మేకల" అని మొదలవుతుంది. ఇప్పటికీ అంతే. క్లాసులో సగం మంది నన్ను మేకల అనే పిలుస్తారు. అలవాటైపోయింది.

అసలు కథ ఓటీపీది.

నేను ఇంటర్ చదివింది హాస్టల్‌లో. అక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరు. అందుకే 2024లో ఎప్‌సెట్ అప్లికేషన్‌లో, తర్వాత కౌన్సెలింగ్‌లో అమ్మ నెంబరే ఇచ్చాం. డాడీ దుబాయ్‌లో ఉంటాడు, ఆయన నెంబర్ అక్కడిది. చిన్నప్పుడు తీయించిన ఆధార్‌కి కూడా అమ్మ నెంబరే. కాలేజీ వాళ్లు కౌన్సెలింగ్ డేటానే పోర్టల్‌లోకి ఎక్కించుకున్నారు. అంటే నా కాలేజీ జీవితానికి సంబంధించిన తాళాలన్నీ జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో, మా ఇంటి అరుగు మీద, అమ్మ ఒళ్లో ఉన్న చాట పక్కన, స్క్రీన్ మీద అడ్డంగా పగులున్న ఒక ఫోన్‌లో ఉన్నాయన్నమాట.

అమ్మ బీడీలు చేస్తుంది. ఐదో తరగతి వరకు తెలుగులో చదువుకుంది. ఇంగ్లీష్ రాదు కానీ అంకెలకి ఇంగ్లీష్ తెలుగు ఏముంది, అవి చదవగలదు. నేను అనుకున్నది ఏంటంటే, మెసేజ్ వస్తుంది, అమ్మ చదువుతుంది, నేను కొడతాను, అయిపోతుంది. ఒక్క నిమిషం పని.

మొదటి రోజు అమ్మ నెంబర్ చెప్పనే లేదు.

"అమ్మా, ఇప్పుడే మెసేజ్ వచ్చింది చూడు, అందులో ఆరు అంకెలుంటయ్, చెప్పు."

"ఎందుకు?"

"కాలేజీది అమ్మా, లాగిన్ కావాలె."

"బ్యాంకు సారు ఎవ్వలకు చెప్పొద్దన్నడు. సొంతోళ్లు అడిగినా చెప్పొద్దన్నడు."

మా వాడకట్టులో అంతకుముందే ఒక తాతకి ఇలాగే ఫోన్ వచ్చి పింఛను డబ్బులు పోయాయి. అప్పటి నుంచి ఊళ్లో ఆడవాళ్లందరికీ ఓటీపీ అంటే దొంగ పేరు. నేను నవ్వాలో అరవాలో తెలీక "అమ్మా, నా గొంతు గుర్తుపడ్తలేవా?" అన్నాను. అప్పుడు నేను రూమ్మేట్ ఫోన్ నుంచి చేశాను, నా ఫోన్‌లో బ్యాలెన్స్ లేక. "గొంతు నీదే ఉంది గని నెంబరు నీది కాదు. నువ్వు పెట్టేయ్, నేనే చేస్త" అని కట్ చేసి, తన ఫోన్‌లో నా పేరు మీదున్న నెంబర్‌కి ఫోన్ చేసింది. నేను ఎత్తాక, "ఆఁ, ఇప్పుడు చెప్త" అంది. అప్పటికి ఆ ఓటీపీ టైమ్ అయిపోయింది.

అప్పుడు విసుగొచ్చింది. ఈ ఏడాది సైబర్ సెక్యూరిటీ గురించి ఒక గెస్ట్ లెక్చర్ పెట్టారు. ఎవరైనా ఫోన్ చేసి వివరాలు అడిగితే పెట్టేయండి, మీ దగ్గర ముందే ఉన్న నెంబర్‌కి మీరే తిరిగి చేయండి అని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో వేశారు. నేను ఆ స్లైడ్‌కి ఫోటో తీసుకున్నాను. అమ్మకి పంపిస్తే చదవదు, అయినా తీసుకున్నాను.

రెండో రోజు నుంచి అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. అక్కడే నా చదువు బయటపడింది.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ ఉండేది. ఎక్కాలు టూ టూజా ఫోర్ అనే నేర్చుకున్నాను. తెలుగు పీరియడ్‌లో పద్యాలు, సంధులు చెప్పారు కానీ నూరు వరకు తెలుగులో లెక్కపెట్టించిన గుర్తు లేదు. ఇరవై దాకా వచ్చు. ఆ తర్వాత ముప్పై, నలభై విడివిడిగా తెలుసు. షాపులో ఎవరైనా "అరవై ఐదు" అంటే ఒక్క క్షణం ఆగి, మనసులో అనువాదం చేసుకుని, వంద నోటు ఇచ్చేసేదాన్ని. చిల్లర వాళ్లే ఇస్తారు కదా. ఇలా పద్దెనిమిదేళ్లు గడిచిపోయాయి, ఎవరికీ దొరకలేదు.

అమ్మ ఓటీపీని రెండేసి అంకెలు కలిపి చదువుతుంది. "నలభై ఏడు, పందొమ్మిది, ముప్పై ఎనిమిది." నాకు మొదటి జత ఇంగ్లీష్‌లోకి మారేలోపు మూడో జత అయిపోయేది. పైగా హాస్టల్ కారిడార్‌లో సిగ్నల్ సగమే. ఆ సగం సిగ్నల్‌లో ఇరవైకి, అరవైకి తేడా వినిపించదు, ఒక్కసారి విని చూడండి. యాభై, ఎనభై కూడా అంతే. "అమ్మా, ఒక్కొక్కటి చెప్పు" అంటే, రెండంకెలు ఒక్కొక్కటిగా చెప్పి మళ్లీ జతలోకి వెళ్లిపోయేది. "ఒక్కొక్కటి చెప్తే యాదికుండదే" అనేది. అది నిజమే. మనం కూడా ఫోన్ నెంబర్లు ముక్కలుగానే గుర్తుపెట్టుకుంటాం, తన ముక్కలు తెలుగులో ఉన్నాయి, అంతే.

ఇదంతా నా రూమ్మేట్ల ముందు. ముగ్గురిలో ఇద్దరు హైదరాబాద్ వాళ్లు. స్పీకర్‌లో అమ్మ "ఏందే, రాసుకున్నవా?" అని గట్టిగా అరుస్తుంటే నేను కారిడార్‌లోకి, కారిడార్ నుంచి మెట్ల మీదకి, చివరికి లైబ్రరీ వరండాలో గోడ దగ్గరికి వెళ్లేదాన్ని. అమ్మ గొంతు ఎవరికీ వినిపించకూడదనే. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అందుకే.

సెప్టెంబర్‌లో సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ బ్యాచ్‌ల కోసం పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలన్నారు. సాయంత్రం 5 గంటల లోపు, ముందొచ్చిన వాళ్లకి ముందు. శనివారం మధ్యాహ్నం బ్యాచ్ ఒక్కటీ రాకపోతే చాలని అందరి ప్రార్థన. ఎందుకంటే అది వస్తే శుక్రవారం రాత్రి ఇంటికి వెళ్లడం కుదరదు. పోర్టల్ ప్రతి లాగిన్‌కీ ఓటీపీ అడుగుతుంది. నేను 4 గంటలకి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకి పోయింది, ఫోన్ ఇంట్లోనే ఉంది. పదకొండు సార్లు చేశాను. 4:35కి ఎత్తింది, ఆయాసపడుతూ.

"అమ్మా తొందరగా చెప్పు."

"అరవై ఏడు... ఐదు... ఎనభై రెండు."

నేను కొట్టాను. ఐదు అంకెలే వచ్చాయి. ఆరో గడి ఖాళీ. "అమ్మా, సరిగ్గా చూడు, ఆరుండాలె." "ఉన్నవే చెప్తున్న బిడ్డా." మళ్లీ పంపించమని నొక్కాను. ఇంకో నెంబర్ వచ్చింది. ఈసారి అమ్మ పాత మెసేజ్ చదివింది. మూడోసారి కొత్తదే చదివింది కానీ నేను అరవైని ఇరవై అనుకున్నాను. మూడు తప్పులకి అరగంట లాక్.

అప్పుడు నేను అన్నాను. "ఆరు అంకెలు చదవడం కూడా రాదా అమ్మా నీకు?"

అమ్మ ఏమీ అనలేదు. "సరే బిడ్డా, పని అయినంక తిను" అని పెట్టేసింది.

మెట్ల మీద నా వెనకే కూర్చున్న మూడో రూమ్మేట్ అంతా వింది. తను గద్వాల వైపు జెడ్పీ హైస్కూల్‌లో తెలుగు మీడియం చదివి వచ్చింది, క్లాసులో ఇంగ్లీష్‌లో ప్రశ్న అడగడానికి భయపడే అమ్మాయి. తను మెల్లగా "మీ అమ్మ కరెక్టుగానే చెప్పింది. అరవై ఏడు, సున్నా ఐదు, ఎనభై రెండు. మధ్యలో ఐదు అంటే ముందు సున్నా ఉంటుంది కదా" అంది. కొంచెం ఆగి, "నీకు తెలుగు అంకెలు రావా?" అని అడిగింది. వెక్కిరింపుగా కాదు, నిజంగా ఆశ్చర్యపోయి.

5:10కి లాక్ తెరుచుకుంది. నాకు శనివారం 2 నుంచి 5 బ్యాచ్ వచ్చింది. ఆ సెమిస్టర్ మొత్తం.

అమ్మకి ఆ సంగతి చెప్పినప్పుడు "నా వల్లనేనా?" అని అడిగింది. కాదమ్మా, సర్వర్ ప్రాబ్లం అన్నాను. సర్వర్ అంటే ఏంటో తనకి తెలీదు, అందుకే ఆ మాట వాడాను. మనం చాలా చోట్ల ఈ పని చేస్తాం అనిపిస్తుంది.

ఆ శనివారం ల్యాబ్‌లోనే, మూడో వారమో నాలుగో వారమో, ఆరంకెల కోడ్ చదివి సరిచూసే ప్రోగ్రాం రాయమన్నారు. నేను కోడ్‌ని ఇంట్‌గా తీసుకున్నాను. 004512 ఇస్తే స్క్రీన్ మీద 4512 వచ్చింది. మేడమ్ వచ్చి చూసి, "ఇది సంఖ్య కాదమ్మా, అక్షరాల వరస. దీంతో కూడికలు, తీసివేతలు చెయ్యవు కదా. సంఖ్యగా తీసుకుంటే ముందున్న సున్నాకి విలువ లేదు, పోతుంది. స్ట్రింగ్‌గా తీసుకో" అన్నారు.

నేను చాలాసేపు ఆ 4512 వైపే చూశాను. అమ్మ కూడా ఇంట్‌గానే తీసుకుంది. తప్పేముంది? కట్టకి 25 బీడీలు, 40 కట్టలైతే వెయ్యి. రోజంతా ఆ లెక్కలోనే ఉంటుంది. ఆ లెక్కలో సున్నా ఐదు అనే సంఖ్య లేదు, ఐదే ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివే నేను చేసిన తప్పే, బీడీలు చుట్టే అమ్మ చేసింది. నాకు మేడమ్ నిలబడి మెల్లగా చెప్పారు. అమ్మకి నేనేం చెప్పాను?

ఆ రాత్రి ఊరికే లెక్క వేశాను. ఆరంకెల ఓటీపీని మూడు జతలుగా చదివితే, కనీసం ఒక జత సున్నాతో మొదలయ్యే అవకాశం 27 శాతం. అంటే నాలుగుసార్లకి ఒకసారి కంటే ఎక్కువే మా ఇద్దరి మధ్య ఒక సున్నా పోతుంది.

ఫోన్ చేసి "అమ్మా, సున్నా ఉంటే సున్నా కూడా చెప్పాలె" అన్నాను. "సున్నా ఎందుకే, దానికి విలువ లేదు గదా?" అంది. అచ్చం మేడమ్ అన్న మాటే. "ఇక్కడ ఉంటది" అన్నాను. "గట్లనా" అంది. తర్వాత నేను అడిగాను, "నూరు దాకా లెక్కపెట్టవా, నేను వింట." ఎందుకు అని అడగలేదు. చాట ముందు ఉన్నట్టుంది, కత్తెర చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒకటి నుంచి నూరు దాకా చెప్పింది. అరవై దగ్గర ఆపి మళ్లీ చెప్పించుకున్నాను. ఆ రోజు కారిడార్‌లోకి వెళ్లలేదు, నా మంచం మీదే కూర్చున్నాను. గద్వాల రూమ్మేట్ మెస్సులో దోశెల లెక్క, బస్సు నెంబర్లు, కనబడిన ప్రతి అంకె తెలుగులో అడిగేది. తొంభై తొమ్మిదిని, డెబ్బై తొమ్మిదిని కలపకుండా ఉండడానికి నాకు రెండు వారాలు పట్టింది. బదులుగా తన డౌట్లు ఇంగ్లీష్‌లో నేను అడిగేదాన్ని, మొదట్లో. ఇప్పుడు తనే అడుగుతుంది, నాకంటే ఎక్కువ అడుగుతుంది.

బతుకమ్మ సెలవుల్లో అమ్మా నేనూ ఆధార్ సెంటర్‌కి వెళ్లాం. నెంబర్ మార్చడానికి కాగితాలేవీ అక్కర్లేకపోయింది, వేలిముద్ర, అప్పట్లో (2024లో) యాభై రూపాయలు. ఆ నెంబర్ మారాకే డిజిలాకర్, అకడమిక్ బ్యాంక్ ఐడీ ఒక్క పూటలో అయిపోయాయి. కాలేజీకి వచ్చాక పోర్టల్‌లో స్టూడెంట్ మొబైల్ మార్పించుకున్నాను. తర్వాత ఆథెంటికేటర్ యాప్ పెట్టుకున్నాను. అది మెసేజ్ కోసం కూడా ఎదురుచూడదు. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే పద్ధతి అది. మొదట్లో ఒక రహస్య తాళం ఇద్దరికీ ఇచ్చేస్తారు, ఆ తాళాన్ని ఇప్పటి సమయంతో కలిపి ఫోన్ ఒకవైపు, సర్వర్ ఒకవైపు విడివిడిగా అదే ఆరంకెలు లెక్కకడతాయి. 30 సెకన్లకోసారి మారుతుంది. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఇద్దరి దగ్గరా ఒకే తాళం, ఒకే గడియారం ఉంటే ఒకరినొకరు అడగక్కర్లేదు. చాలా అందమైన ఆలోచన. జూనియర్లూ, తప్పకుండా పెట్టుకోండి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకోండి.

నవంబర్‌లో ఒక రోజు అమ్మ అడిగింది, "ఈమధ్య నెంబర్లు వస్తలేవేందే? కాలేజీ బందుందా?"

"లేదమ్మా, ఇప్పుడు నా ఫోన్‌కే వస్తున్నయ్."

"మంచిదే. నీకు అలుపు తప్పింది" అంది. కాసేపు ఏదో మాట్లాడి పెట్టేసింది. అంతకుముందు రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని, ఓటీపీ కోసమైనా. ఆ వారం మొత్తం మీద ఒక్కసారే చేశానని కాల్ లిస్టు చూస్తే తెలిసింది.

పోర్టల్‌లో పేరెంట్ మొబైల్ అని ఇంకో గడి ఉంది. అందులో అమ్మ నెంబర్ ఉంచేశాను. దానికి నెలకోసారి అటెండెన్స్ మెసేజ్ ఒక్కటే వెళ్తుంది, ఇంగ్లీష్‌లో. అమ్మ దాన్ని పట్టించుకోదనుకున్నాను.

హెల్ప్ డెస్క్ దగ్గర ఆ గోడ వైపు తిరిగిన అబ్బాయి దగ్గరికి వెళ్లి, "స్పీకర్‌లో పెట్టు, నేను రాస్తా" అన్నాను. వాళ్ల నాన్న కూడా జతలుగానే చదివారు. "డెబ్బై ఒకటి, నాలుగు, అరవై మూడు." నేను 710463 అని కొట్టాను. తెరుచుకుంది. వాడు నన్ను మంత్రగత్తెని చూసినట్టు చూశాడు.

పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది.

"కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీష్ ఉంది గని నెంబరొక్కటి సమజైంది. డెబ్బై రెండు."

నాకు వెంటనే అర్థమైంది. ఈసారి అనువాదం కూడా అక్కర్లేకపోయింది. హెల్ప్ డెస్క్ పేరు చెప్పి, ఫెస్ట్ పేరు చెప్పి ఎన్ని క్లాసులు ఎగ్గొట్టానో అన్నీ గుర్తొచ్చాయి. సర్వర్ ప్రాబ్లం అందామా అనిపించింది.

"మార్కులా?" అంది.

"కాదమ్మా. క్లాసుకి పోయిన రోజులు."

"నూటికా?"

"ఆఁ."

"ఎన్నుండాలె?"

"డెబ్బై ఐదు."

కత్తెర చప్పుడు ఆగింది.

"మూడు తక్కువున్నయ్ గదనే" అంది.